మన ఊరి నేల చదువుదాం – 3: నల్లరేగడి ఎంత ఉబ్బుతది?

పోయిన భాగంలో వార్డు మ్యాప్ మీద బావులు, బోర్లు గుర్తుపెట్టి ఎక్కడ ఎంత లోతుల మొరం (కిందుండే గట్టి గరుసు నేల) తగిలిందో రాసుకున్నం కదా, ఇప్పుడు ఆ మొరం మీదున్న నల్లరేగడి సంగతి. ఇక్కడ మహారాష్ట్రల చంద్రపూర్, రాజురా దిక్కు కొత్త ప్లాట్లు చాలావరకు పత్తి చేన్లలోనే పడుతున్నయి, లేఅవుట్ గీసేటోళ్లు రోడ్డు వెడల్పు చూస్తరు రేటు చూస్తరు గానీ మట్టిని ఎవరూ చూడరు, నాకు అదే బాధ. వానకి ఉబ్బి ఎండకి ముడుచుకునే ఈ మట్టితో పాటే గోడ, నీళ్ల పైపు, మోరీ అన్నీ లేస్తయి దిగుతయి, పైపు జాయింటు దగ్గర లీకైతే ఆ తడికి ఇంకింత ఉబ్బుతది.

పరీక్ష ఇంట్లనే చేయొచ్చు. గడ్డి వేర్లు దాటి మీటరు లోతు నుంచి మట్టి తీసి, బాగా ఆరబెట్టి, దంచి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టండి. 10 గ్రాములు 10 గ్రాములుగా రెండు 100 మి.లీ. కొలత గాజు సిలిండర్లలో పోసి, ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్ (బ్యాటరీలో పోసేదే), ఇంకోదాంట్లో కిరోసిన్ నింపి, గాలి బుడగలు పోయేదాకా గాజు కడ్డీతో కలిపి 24 గంటలు కదలకుండ వదిలేయండి. కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు, అందుకే దాన్ని లెక్కకి ఆధారంగా పెట్టుకుంటం. కిరోసిన్‌లో మట్టి 12 మి.లీ. దగ్గర, నీళ్లల్లో 21 దగ్గర ఆగిందనుకోండి, తేడా 9, దాన్ని 12తో భాగించి నూరుతో గుణిస్తే 75, అంటే ఈ మట్టి ఉబ్బుడు 75 శాతం.

ఈ ఉబ్బుడు శాతం 50 లోపు తక్కువ, 100 దాకా మధ్యస్థం, 200 దాకా ఎక్కువ, ఆపైన చాలా ఎక్కువ. ఒక్క గుంతతో తేల్చేయొద్దు, వాగు పక్కన ఒకటి, మిట్ట మీద ఒకటి తీయాల్సిందే.

ఇప్పుడు ఏ చోట ఎంత ఉబ్బుతదో చూసి మ్యాప్‌కి రంగులేయండి. రేగడి పలుచగుండి కింద మొరం దగ్గరుంటే పునాది మొరం దాకా దింపొచ్చు, స్కూలు, వాటర్ ట్యాంకు అసొంటివి అక్కడికే జరపండి. ఎక్కువ ఉబ్బే రేగడి మందంగున్న చోటు పార్కుకో ఆట గ్రౌండుకో ఇడిచిపెట్టుడే నయం, తప్పక కట్టాలంటే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున గుండుగ వెడల్పైన కాంక్రీటు పునాది స్తంభాలు) మూడున్నర మీటర్లన్నా దిగాలి, ఆ ఖర్చు ప్లాటు కొనేటోళ్లకి ముందే చెప్పాలి.

వచ్చే భాగం పాత బొగ్గు గనుల మీద. 2022 ఆగస్టులో చంద్రపూర్ జిల్లా ఘుగ్గుస్‌ల ఒక ఇల్లు నిలువునా భూమిలోకి దిగిపోయింది చూడండి, ఆ లెక్క వేరే. అప్పటిదాకా మీ వార్డుల గనిలో పనిచేసిన పెద్దమనుషుల్ని అడిగి, ఏ గల్లీ కింద తవ్వారో మ్యాప్ మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఉంచండి.