బ్యాలే స్వభావం, మోడరన్ స్వభావం: మీ మీద పడిన ముద్ర నుంచి మిమ్మల్ని మీరు వేరు చేసి చూసుకోవడం ఎలా

బ్యాలే డ్యాన్సర్లు క్రమశిక్షణకు కట్టుబడిన ముభావులని, మోడరన్ డ్యాన్సర్లు నియమాలకు లొంగని స్వతంత్రులని స్టూడియోల్లో తరచూ వినిపిస్తుంది. ఏళ్ల తరబడి విన్న ఈ మాటను డ్యాన్సరే తన స్వభావమని నమ్మితే, ఏ పాత్రకు ప్రయత్నించాలో, దేనికి వెనుకాడాలో కూడా ఆ నమ్మకమే నిర్ణయిస్తుంది.

ముందుగా, ఈ ముద్రలు నృత్యరీతుల చరిత్ర నుంచి వచ్చాయని గుర్తించండి. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1661లో రాజ నృత్య అకాడమీని స్థాపించినప్పటి నుంచి బ్యాలేలో రాజాస్థానపు మర్యాద, కొలత స్థిరపడ్డాయి. మోడరన్ నృత్యానికి దారితీసిన అమెరికన్ డ్యాన్సర్ ఇసడోరా డంకన్ కాలివేళ్ల కొనలపై నిలబడేందుకు వాడే పాయింట్ షూలను, నడుమును బిగించే కార్సెట్‌ను కాదని వట్టి పాదాలతో నర్తించడంతో తిరుగుబాటు అనే పేరు మోడరన్‌కు అంటుకుంది. ఇవి ఆ రీతుల గుణాలే తప్ప, వాటిని నేర్చుకున్న ప్రతి మనిషి గుణాలూ కావు.

తరువాత కొన్ని వారాల పాటు క్లాసు అయిన వెంటనే నోట్‌బుక్‌లో రాయండి. "నేను పర్ఫెక్షనిస్టుని" వంటి తీర్పులు వద్దు, జరిగినదే రాయాలి. బార్ (పట్టుకుని సాధన చేసే కడ్డీ) దగ్గర టాండూ (పాదాన్ని నేల నుంచి ఎత్తకుండా సాగదీసే కదలిక) చేస్తుండగా పాదం సరిగ్గా సాగకపోతే మీ చూపు అద్దం మీదికి వెళ్లిందా, టీచర్ ముఖం మీదికి వెళ్లిందా, లేక దృష్టి అరికాలు నేలను రాసుకుంటూ వెళ్లే స్పర్శ మీదే నిలిచిందా? అప్పటికప్పుడు కూర్చుకుంటూ చేసే ఇంప్రొవైజేషన్‌లో మీరే మొదలుపెట్టారా, పక్కవారి కదలిక కోసం ఆగారా? స్టూడియో బయటి పనుల్లో ఎలా ఉంటారో కూడా రాసి, రెండింటినీ పోల్చండి. బార్ దగ్గర మాత్రమే కనిపించే పట్టుదల చాలావరకు ఆ క్లాసు అలవాటు చేసినదే. రెండుచోట్లా కనిపించేదాన్ని మీదని అనుకోవడానికి ఆధారం ఎక్కువ.

వ్యక్తిత్వ పరీక్షలను ఆచితూచి నమ్మండి. 1948లో మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ విద్యార్థులందరికీ ఒకే వర్ణన ఇచ్చి, అది ఎవరిది వారికే ప్రత్యేకమని నమ్మించినప్పుడు, వారు దానికి 5కు సగటున 4.26 మార్కులు వేశారు. మన గురించి చెప్పిన మాట మనకు సరిపోయినట్టు అనిపించడం ఎంత సులభమో దీన్నిబట్టి తెలుస్తుంది.

వీలైతే రెండో రీతి క్లాసులో చేరండి, కానీ మొదటి రోజుల ఇబ్బందిని "ఇది నా స్వభావానికి పడదు" అనడానికి రుజువుగా తీసుకోకండి. మోడరన్ నృత్యకారిణి మార్తా గ్రాహం పద్ధతిలో నేల మీద కూర్చుని పొత్తికడుపును లోపలికి లాగి వెన్నును వంచే కాంట్రాక్షన్, నిటారు వెన్నుకు అలవాటుపడిన శరీరానికి కొంతకాలం కొత్తగానే ఉంటుంది. 1959లో న్యూయార్క్ సిటీ బ్యాలే ప్రదర్శించిన "ఎపిసోడ్స్"లో మోడరన్ డ్యాన్సర్ పాల్ టేలర్, బ్యాలే నృత్యదర్శకుడు బాలన్‌షీన్ కూర్చిన సోలో చేశారు. గ్రాహం రూపొందించిన భాగంలో బ్యాలే డ్యాన్సర్లు నర్తించారు. రెండు రీతుల మధ్య గీత అప్పుడే దాటదగినదిగా ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. తిండి మానడం, గాయం మీదే నర్తించడం, అద్దం ముందు తనను తాను అసహ్యించుకోవడం వంటివాటిని "బ్యాలే వాళ్లు అంతే" అని సరిపెట్టుకోకుండా వైద్యుడితోనో, మనస్తత్వ నిపుణుడితోనో మాట్లాడండి.