నాటిన మూడేళ్లకు చెట్టు పైనుంచి ఎండుతోందా? ముందు మొదలు చూడండి

చెట్టు నాటాక ఒకటి రెండేళ్లు బాగానే చిగురేస్తుంది. ఆ తర్వాత ఆకులు చిన్నవవుతాయి, రంగు తగ్గుతుంది, పై కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వస్తాయి. వెంటనే ఎరువు వేస్తారు, మందు కొడతారు, నీళ్లు పెంచుతారు. మొదలు దగ్గర మట్టి తీసి చూసేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి. జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో పట్టి చూడండి. పొడిపొడిగా రాలితే నీళ్లు చాలడం లేదు. బురదగా ఉండి కుళ్లు వాసన వస్తే ఎక్కువయ్యాయి. లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే చాలాసార్లు ఇనుము లోపమే.

ఇవేవీ కాకపోతే కాండం నేలలోకి దిగే చోటు చూడండి. సరిగా నాటిన చెట్టు మొదలు నేల దగ్గర వెడల్పవుతుంది, వేళ్లు విచ్చుకోవడం కనిపిస్తుంది. మీ చెట్టు స్తంభం పాతినట్టు నిటారుగా దిగిందా? అయితే లోతుగా నాటారు, లేదా తర్వాత మట్టి ఎగదోశారు. ఒక పక్క చదునుగా ఉంటే అక్కడ వేరు చుట్టుకుందని అనుమానించాలి. (కొబ్బరి, తాటి లాంటివాటికి ఈ పరీక్ష పనికిరాదు. వాటి నిర్మాణమే వేరు.)

వేళ్లకు గాలి కావాలి. నీళ్లు పీల్చే సన్నటి వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. కాండం బెరడేమో ఎప్పుడూ తడిలో ఉంటే కుళ్లుతుంది. నర్సరీ కవర్లో ఎక్కువ కాలం ఉన్న మొక్క వేళ్లు గుండ్రంగా తిరిగిపోయి ఉంటాయి. నేలలో నాటినా అదే దారిలో లావెక్కుతాయి. కాండమూ లావెక్కుతుంది కదా, రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండా వేళ్లకు దిగాలి. ఆ దారి కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. దీనికి ఏళ్లు పడుతుంది కాబట్టే నాటిన రోజు జరిగిన తప్పు మీద ఎవరికీ అనుమానం రాదు.

నేనూ ఒక చెట్టుకు రెండేళ్లు ఎరువులు మార్చి మార్చి వేశాను. ఒక గాలివానకు అది సరిగ్గా నేల మట్టానికి విరిగింది. లోపల మణికట్టంత వేరు కాండాన్ని ఉరితాడులా బిగించి ఉంది. మొదట్లోనే ఒక పూట కూర్చుని మట్టి తీసుంటే ఆ చెట్టు బతికేది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మట్టిని చేత్తో, చిన్న తాపీతో మెల్లగా తీయండి. గునపం వాడితే బెరడు చెక్కుకుపోతుంది. మొదటి లావు వేళ్లు పక్కలకు విచ్చుకునే చోటు కనిపించేదాకా తీసి, అలాగే వదిలేయండి. చుట్టుకున్న వేరు వేలంత లావుంటే ఉలితో కోసి తీసేయండి. కాండంలోకి దిగబడి ఉంటే లాగొద్దు, రెండు పక్కలా కోసి వదిలేస్తే చాలు. అలా చుట్టుకున్న లావు వేళ్లు రెండు మూడుంటే ఏడాదికి ఒక్కటే కోయండి. నాటి ఏడాది కూడా కాకపోతే పైకెత్తి సరైన ఎత్తులో మళ్లీ నాటడమే మేలు. ఎండుటాకులు రెండు మూడు అంగుళాల మందాన పరవండి, కాండానికి బెత్తెడు దూరంలో. ఊతకర్రకు కట్టిన తాడు బిగుసుకుందేమో కూడా చూడండి.

పిడుగు, వైరస్ తెగుళ్ల గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు, అవి అరుదు. మట్టి తీసిన నెలకే ఫలితం కోసం చూడకండి. తేడా వచ్చే ఏడాది చిగుళ్లలో తెలుస్తుంది.