సినాప్సులు లెక్కపెట్టడం నేర్చుకునేవారికి

మా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి వారంలోనే అడిగింది: "అక్కా, సినాప్సులు లెక్కపెట్టడం ఎన్ని రోజుల్లో వస్తుంది?" సినాప్సు అంటే ఒక నాడీకణం (న్యూరాన్) ఇంకోదానికి సంకేతం అందించే చోటు. లెక్కపెట్టడం రెండు రోజుల్లో వస్తుంది. ఆ లెక్కను నమ్మవచ్చో లేదో తెలియడానికి మాత్రం నాకు రెండేళ్లు పట్టింది. మాది తెనాలి. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీ కోసం బెంగళూరు వచ్చి ఇది నాలుగో ఏడు. ఆ అమ్మాయికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

చేరిన మూడు నెలల వరకు మీకు నచ్చిన జన్యువు జోలికి పోవద్దు. ఉత్త కల్చర్లే, అంటే ప్లేట్లలో కణాలే, పెంచండి. జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి, దానికి తగిన శిక్షణ ముందు ఉండాలి. మేము 18 రోజుల వయసున్న ఎలుక పిండాల హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన భాగం) వాడతాం. అప్పటికి అక్కడి ప్రధాన నాడీకణాలైన పిరమిడల్ న్యూరాన్లు చాలావరకు పుట్టేసి ఉంటాయి, కొమ్మలు ఇంకా పెద్దగా సాగి ఉండవు. అందుకే విడదీస్తే తట్టుకుంటాయి.

కల్చర్ చెడిపోతే అందరూ ముందు మీడియాను (కణాలు పెరిగే పోషక ద్రవాన్ని) అనుమానిస్తారు. నేను గాజును, అంటే కణాలు అంటుకుని పెరిగే పలచని గాజు బిళ్లలైన కవర్‌స్లిప్పులను, అనుమానిస్తాను. కవర్‌స్లిప్పులను ఒక రాత్రంతా నైట్రిక్ ఆమ్లంలో ఉంచి, నీళ్లతో పదే పదే కడిగి, ఓవెన్‌లో ఎండబెట్టండి. తర్వాత కణాలు అంటుకోవడానికి పాలీ-డి-లైసిన్ పూత. మర్నాడు దాన్ని మూడుసార్లు కడగాలి, ఎందుకంటే గాజుకు అంటుకోకుండా మిగిలిన పాలీ-డి-లైసిన్ మన కణాలకు విషం. ఒకసారి దసరాకు ఊరెళ్లే తొందరలో ఒక్కసారి కడిగి వదిలేశాను. తిరిగొచ్చేసరికి సగం కణాలు చచ్చాయి, మిగిలినవి ఉప్మాలో ఉండల్లా ముద్దలు కట్టాయి. వాటిలో ఒక్క డెండ్రైట్‌ను (సంకేతం అందుకునే కొమ్మను) కూడా విడిగా చూడలేం.

కణాల మధ్య పట్టును వదులు చేసే ట్రిప్సిన్‌లో 37 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ఉంచాక, మొన మంటలో కాల్చి నునుపు చేసిన గాజు పైపెట్‌తో కణజాలాన్ని మెల్లగా పైకీ కిందికీ లాగండి. మజ్జిగ చిలికినట్టు చిలకొద్దు. బుడగలు వస్తే కణాలు పగులుతాయి.

తర్వాత చచ్చిన కణాలకే పట్టే రంగు ట్రైపాన్ బ్లూ వేసి బతికున్న కణాలను లెక్కపెట్టండి. ఇది విసుగు పుట్టించే పనే కానీ ఎగ్గొట్టవద్దు. కణాలు దట్టంగా ఉన్నచోట సినాప్సుల సంఖ్య మారుతుంది. మీరు తీసేసిన జన్యువు నిజానికి కొన్ని కణాలను చంపడం తప్ప ఇంకేమీ చేయకపోయినా, అది సినాప్సులను తగ్గించినట్టు కనిపిస్తుంది. న్యూరాన్లకు తోడుండే గ్లియా కణాల సంగతీ ఇంతే. కంటి రెటీనా నుంచి తీసిన గాంగ్లియన్ కణాలనే న్యూరాన్లు గ్లియా లేకుండా చాలా తక్కువ సినాప్సులు కడతాయని అమెరికా నాడీ శాస్త్రవేత్త బెన్ బారెస్ బృందం చూపింది. గ్లియా వదిలే థ్రాంబోస్పాండిన్ అనే ప్రోటీన్ అందులో ఒక కారణమని 2005లో వాళ్లే తేల్చారు. కాబట్టి పోల్చే రెండు గుంపుల్లోనూ (జన్యువును మార్చినవి, మార్చనివి) గ్లియా ఎంతుందో చూసుకోండి.

న్యూరోబేసల్, బి27 కలిపిన మీడియాలో పెంచుతూ, మూడు నాలుగు రోజులకోసారి సగం మాత్రమే మార్చండి. ప్లేటు అంచు గుంటల్లో నీళ్లు పోసి ఉంచితే మధ్యవి ఎండవు. ఇన్‌క్యుబేటర్ తలుపు రోజుకు పదిసార్లు తీసి చూసే అలవాటు ఉంటే మానుకోండి. రెండు రోజుల్లో ఆక్సాన్ (సంకేతం పంపే పొడవాటి కొమ్మ) ఏదో తెలుస్తుంది. వారం దాటాక సినాప్సులు మొదలవుతాయి. మేము 14 నుంచి 21 రోజుల మధ్య లెక్కపెడతాం.

ఇప్పుడు చుక్కలు. సినాప్సులోని ప్రోటీన్లను యాంటీబాడీలతో పట్టి, రంగు చుక్కలుగా వెలిగిస్తాం. పంపే వైపుకు బాసూన్, అందుకునే వైపుకు పీఎస్‌డీ-95, డెండ్రైట్ దారి తెలియడానికి మ్యాప్2: మూడు యాంటీబాడీలు, మూడు రంగులు. ప్రోటీన్‌ను పట్టే మొదటి యాంటీబాడీ వేయకుండా, దానికి అంటుకుని రంగు తెచ్చే రెండోది మాత్రమే వేసిన కవర్‌స్లిప్ ఒకటి తప్పక ఉండాలి. కన్ఫోకల్ మైక్రోస్కోప్ దగ్గర లేజర్ శక్తి మొదటి బొమ్మకు ఎంత పెట్టారో చివరి బొమ్మకూ అంతే ఉంచండి. చుక్క మధ్యభాగం పూర్తిగా తెల్లబడిపోతే ఆ బొమ్మ కొలతకు పనికిరాదు.

పంపే వైపు చుక్క, అందుకునే వైపు చుక్క ఒకదాని మీద ఒకటి పడినచోట సినాప్సు ఉందంటాం. ఇక్కడే మోసం. రసాయన సినాప్సులో రెండు వైపుల మధ్య సందు సుమారు 20 నానోమీటర్లు. మామూలు కన్ఫోకల్ విడదీసి చూపగలిగేది 200 దగ్గర ఆగిపోతుంది. పక్కపక్కనే ఉండి ఒకదానితో ఒకటి ఏ సంబంధం లేనివీ కలిసినట్టే కనిపిస్తాయి. మా అమ్మ సంక్రాంతికి వేసే చుక్కల ముగ్గును గుర్తు తెచ్చుకోండి. రెండు పలచని కాగితాల మీద వేర్వేరుగా చుక్కలు పెట్టి, ఒకదాన్ని ఇంకోదాని మీద ఎలా పెట్టినా కొన్ని చుక్కలు కలుస్తాయి. అందుకే ఒక రంగు బొమ్మను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ లెక్కపెట్టండి. తిప్పాక కూడా కలిసేవి యాదృచ్ఛికంగా కలిసినవి. మొదటి లెక్క, తిప్పిన లెక్క కంటే స్పష్టంగా ఎక్కువ ఉంటేనే ముందుకు వెళ్లండి. నా మొదటి బొమ్మల్లో ఈ తేడా సిగ్గుపడేంత తక్కువగా వచ్చింది.

ఒక వైపు చుక్కే చూసి సినాప్సు అనేవాళ్లకు నేను న్యూరోలిజిన్ ప్రయోగం చెబుతాను. 2000లో, న్యూరాన్లు కాని కణాలకు న్యూరోలిజిన్ (సినాప్సులో అందుకునే వైపు ఉండే ప్రోటీన్) తగిలిస్తే, వాటిని తాకిన ఆక్సాన్లు అక్కడే పంపే యంత్రాంగాన్ని సిద్ధం చేసుకున్నాయని చూపారు. అవతలి వైపు న్యూరానే లేదు! అయినా చుక్క వెలిగింది.

ఇక నా తప్పు. రెండో ఏడాది, నేను పెంచిన ప్రోటీన్ వల్ల సినాప్సులు పెరిగాయని ఎగిరి గంతేశాను. ఏ బొమ్మ ఏ గుంపుదో నాకు తెలుసు. తెలిసిన కళ్లు ఒక గుంపులో బాగా వెలిగే డెండ్రైట్ల మీదకే పోయాయి. స్నేహితుడు ఫైళ్ల పేర్లు తీసి అంకెలు పెట్టి ఇచ్చాక మళ్లీ లెక్కపెడితే ఆ పెరుగుదల మాయమైంది. గైడ్ గారు కోప్పడలేదు, "ఇకనుంచి బొమ్మలు తీయడం కూడా అలాగే చేయి" అన్నారు. అంటే మైక్రోస్కోప్ ముందు కూర్చునేటప్పటికే కవర్‌స్లిప్ మీద అంకె తప్ప ఏమీ ఉండకూడదు. డెండ్రైట్‌ను మ్యాప్2 రంగులోనే ఎంచుకోవాలి, చుక్కల రంగులు చూసి కాదు.

ఇంకొకటి: ఒకే కల్చర్ నుంచి మూడు కవర్‌స్లిప్పులు తీస్తే అవి మూడు ప్రయోగాలు కావు. వేర్వేరు తల్లి ఎలుకల నుంచి, వేర్వేరు రోజుల్లో, కనీసం మూడు కల్చర్లు కావాలి.

చుక్కలు నిలబడితే ప్యాచ్ క్లాంప్ (ఒక్కో కణంలో విద్యుత్తు కొలిచే పద్ధతి) చేసేవారిని బతిమాలండి. టెట్రోడోటాక్సిన్ వేసి నాడీ స్పందనలను ఆపినా వచ్చే చిన్న చిన్న విద్యుత్ కుదుపులు ఎంత తరచుగా వస్తున్నాయో వాళ్లు చూస్తారు. సినాప్సులు పెరిగితే అవి తరచుగా వస్తాయి. అయితే ఉన్న సినాప్సులే ఎక్కువసార్లు రసాయనం వదిలినా అలాగే వస్తాయి కాబట్టి, చుక్కల లెక్కను, కుదుపుల లెక్కను పక్కపక్కన పెట్టి చూడాలి.

నా తాజా బొమ్మల అంకెల చీటీ ఇప్పుడు ఆ కొత్త అమ్మాయి డ్రాయర్‌లో ఉంది. ఇంకా 41 బొమ్మలు మిగిలాయి. నిన్న టీ తాగేటప్పుడు నోరు ఊరుకోక "ఏడో అంకె ఏ గుంపు?" అని అడిగాను. చెప్పలేదు.