సాఫ్ట్‌వేర్ అందరికీ ఒకటే, మరి తేడా ఎక్కడ?

నా దగ్గరికి వచ్చే తిరుపతి పీహెచ్‌డీ స్కాలర్లలో చాలామంది టాపిక్ ముందే రాసుకొస్తారు: ‘చిత్తూరు జిల్లా పరిశ్రమలపై ఈఆర్‌పీ ప్రభావం’. ఈఆర్‌పీ అంటే కొనుగోళ్లు, స్టాకు, ఖాతాలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్. రెండో అధ్యాయంలో వనరుల ఆధారిత సిద్ధాంతం (కంపెనీకి ఆధిక్యం దాని సొంత వనరుల నుంచే వస్తుందనేది) గురించి పేజీలకు పేజీలు ఉంటుంది, ఆ తర్వాత దాని ఊసే ఉండదు. ఆ పేజీలు తీసేస్తే మీ ప్రశ్నావళిలో ఏ ప్రశ్న మారుతుందని అడుగుతాను. ఏదీ మారకపోతే అది ఉత్త అలంకారమే.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలనే తీసుకోండి. రెండు ఫ్యాక్టరీలు ఒకే ఈఆర్‌పీ కొన్నాయనుకుందాం. వనరుకు మేనేజ్‌మెంట్ పరిశోధకుడు బార్నీ 1991లో నాలుగు పరీక్షలు పెట్టాడు: విలువైనదా, అరుదైనదా, పక్కవాడు అనుకరించలేనిదా, ప్రత్యామ్నాయం లేనిదా. డబ్బు పెడితే ఎవరైనా కొనే సాఫ్ట్‌వేర్ రెండో పరీక్షలోనే తప్పుతుంది. మాటా, ఫ్యూయర్స్ట్, బార్నీ 1995లో ఇదే తేల్చారు: ఐటీకి సంబంధించినవాటిలో నిలకడైన ఆధిక్యం ఇచ్చే అవకాశం ఉన్నది మేనేజర్ల నేర్పుకే.

కాబట్టి కంప్యూటర్ గది వదిలి కాటా దగ్గర నిలబడండి. జూన్, జూలైల్లో తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉంటాయి. ఒకచోట కాటా చీటీలు రాత్రికిగానీ సిస్టమ్‌లోకి ఎక్కవు. ఇంకోచోట కొనుగోలు మేనేజరు మధ్యాహ్నానికే లోపలికొచ్చిన కాయ ఎంతో చూసి, గుజ్జు తీసే లైన్ ఎంత లాగగలదో లెక్కేసి, రేపు బండ్లకిచ్చే టోకెన్లు తగ్గిస్తాడు. మీరు కొలవాల్సింది ఆ నేర్పును. టోకెన్ల సంఖ్య ఎవరు తేలుస్తారు, ఏ లెక్క చూసి, ఎంతసేపట్లో? ‘ఈఆర్‌పీ వల్ల మీకు సంతృప్తి కలిగిందా’ అని ఒకటి నుంచి ఐదు దాకా టిక్కులు పెట్టించుకుంటే ఇవేవీ రావు.

ఫలితానికి కొలతగా కంపెనీ లాభాన్ని పెట్టుకోకండి. అందులో కాయ ధర, ఎగుమతి ఆర్డర్లు, డాలరు రేటు అన్నీ కలిసిపోతాయి. బండి గేటు దాటినప్పటి నుంచి అన్‌లోడయ్యేదాకా పట్టిన సమయం, యార్డులో కుళ్లిన కాయ చూడండి. వీటిని రిజిస్టర్ల నుంచి తీసుకోండి, మేనేజర్ని అడిగి కాదు. బాగా నడిచే ఫ్యాక్టరీలో ఏముంటే దాన్నే వనరు అనేస్తే వాదన గుండ్రంగా తిరుగుతుంది. ప్రీమ్, బట్లర్ 2001లో ఎత్తిచూపిన లోపం ఇదే, వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) మిమ్మల్ని పట్టుకునేదీ ఇక్కడే.

మార్పుకు తగ్గట్టు కంపెనీ తనను తాను మార్చుకునే శక్తి గురించైతే టీస్, పిసానో, షుయెన్ 1997 వ్యాసం చదవండి. అయితే ఒక్క సీజన్ డేటాతో దాని జోలికి పోవద్దు.

ఫ్యాక్టరీ నుంచి అనుమతి పత్రం మాత్రం ఏప్రిల్‌లోపే తీసుకోండి. జూన్ వచ్చిందంటే కొనుగోలు మేనేజరు ఫోనెత్తడు.