స్కూల్ డిస్ట్రిక్ట్ కబురు మన దాకా రావాలంటే

మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు, ఒక జనవరి రోజు స్కూల్లో హీటింగ్ పాడైపోయి పిల్లల్ని రెండు గంటల ముందే పంపేశారు. ఆ మెసేజ్ నాకు రాలేదు. అంతకు రెండు నెలల ముందే ఫోన్ నంబర్ మార్చాను, స్కూల్ రికార్డులో పాతదే ఉండిపోయింది. పాప కోటు వేసుకుని, బ్యాగు తగిలించుకుని ఆఫీసు ముందు బెంచీ మీద గంటన్నర కూర్చుంది. ఏడవలేదట. "అమ్మా, నన్ను మర్చిపోయావనుకున్నా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే షికాగో శివార్లకు కొత్తగా వచ్చిన మన కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను.

ముందు పేరెంట్ పోర్టల్, అంటే తల్లిదండ్రుల కోసం స్కూలు పెట్టిన వెబ్‌సైట్, తెరిచి మీ ఫోన్ నంబర్, ఈమెయిల్ సరిచూసుకోండి. అమ్మానాన్నలిద్దరి నంబర్లూ ఉండాలి. ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా పావుగంటలో స్కూలుకు చేరగలిగేవాళ్లను పెట్టండి, వాళ్లను అడిగే పెట్టండి. నోటిఫికేషన్లలో టెక్స్ట్ ఆన్ చేయండి. ఈమెయిల్ ఒక్కటే పెట్టుకుంటే ఆఫీసు మెయిళ్ల మధ్య మునిగిపోతుంది.

తర్వాత, మీది ఏ స్కూల్ డిస్ట్రిక్టో, అంటే మీ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ ఏదో, కచ్చితంగా తెలుసుకోండి. ఊరి పేరు చూసి అనుకోకండి. నేపర్‌విల్‌లోనే 203, 204 అని రెండు డిస్ట్రిక్టులున్నాయి. ఇల్లినాయ్‌లో ఇంకో చిక్కుంది. కొన్ని చోట్ల ఎనిమిదో తరగతి దాకా ఒక డిస్ట్రిక్ట్, హైస్కూలు వేరే డిస్ట్రిక్ట్. బోర్డులు వేరు, వెబ్‌సైట్లు వేరు, క్యాలెండర్లూ వేరు. పెద్దవాడు హైస్కూల్లో, చిన్నది ఐదులో ఉంటే మీరు రెండు చోట్ల నుంచీ కబుర్లు చూసుకోవాలి. సొంతిల్లుంటే ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో డిస్ట్రిక్టుల పేర్లు ఉంటాయి. అద్దెకుంటే డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి అడ్రస్ చెప్తే చాలు.

భయపెట్టే మెసేజ్‌లలో మాటల తేడా తెలిసి ఉండాలి. చాలా స్కూళ్లు వాడే పద్ధతిలో 'హోల్డ్' అంటే పిల్లలు తరగతి గదిలోనే ఉంటారు, వరండాల్లో తిరగరు. 'సెక్యూర్' అంటే ప్రమాదం బయట ఉంది, బయటి తలుపులు వేసి లోపల పాఠాలు నడుపుతారు. 'లాక్‌డౌన్' అంటే ప్రమాదం లోపలే ఉంది. 'సెక్యూర్' అని వస్తే వాట్సాప్ గ్రూపులో లాక్‌డౌన్ అని పాకిపోతుంది, అందరికీ టెన్షన్. డిస్ట్రిక్ట్ పంపిన మెసేజ్ మళ్లీ ఒకసారి చదవండి. ఏదైనా సరే, కారు వేసుకుని స్కూలుకు పరిగెత్తకండి. పిల్లల్ని ఎక్కడ అప్పగిస్తారో వాళ్లే చెప్తారు.

ఇంట్లో ఇంగ్లిష్ సరిగా రానివాళ్లు పిల్లల్ని చూసుకుంటుంటే తెలుగు దుబాసీ కావాలని స్కూలును అడగండి. 1964 నాటి పౌర హక్కుల చట్టం కింద తల్లిదండ్రులకు ఆ హక్కుంది. డబ్బు కట్టక్కర్లేదు. మా అత్తయ్యగారి కోసం అడిగాను, ఫోన్లోనే ఏర్పాటు చేశారు.

ఇప్పుడు అసలు సంగతి. మెసేజ్ మన ఫోన్‌కు వచ్చేసరికి చాలా నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. ఒక ఏడాది ఫిబ్రవరిలో స్కూలు మొదలయ్యే టైం మారుతోందని మెయిల్ వచ్చింది. నా డ్యూటీ వేళలతో అది కుదరదు. ఇంత హఠాత్తుగా ఎలా మారుస్తారని వెతికితే, నవంబర్ బోర్డు మీటింగ్ అజెండాలోనే ఆ అంశం ఉంది. మూడు నెలలు అందరి కళ్ల ముందే ఉన్నది నేను చూడలేదు.

డిస్ట్రిక్టును నడిపించేది బోర్డు. మామూలుగా ఏడుగురు సభ్యులు, జీతం లేకుండా పనిచేసేవాళ్లు. ఇల్లినాయ్ ఓపెన్ మీటింగ్స్ చట్టం ప్రకారం మీటింగుకు కనీసం 48 గంటల ముందు అజెండా బయట పెట్టాలి. నేను ఫోన్లో అలారం పెట్టుకున్నాను, అజెండా రాగానే పది నిమిషాలు కూర్చుంటాను. మొత్తం చదవను. బౌండరీ (ఏ ఇళ్ల పిల్లలు ఏ స్కూలుకో చెప్పే హద్దు), క్యాలెండర్, బస్సులు, ఫీజులు అనే మాటల కోసం చూస్తాను. 'డిస్కషన్' అని ఉంటే ఇంకా సమయం ఉన్నట్టు. 'యాక్షన్' అని ఉంటే ఆ రాత్రే ఓటు. 'కన్సెంట్ అజెండా' అని ఉన్నవన్నీ చర్చ లేకుండా ఒకే ఓటుతో అయిపోతాయి, కాబట్టి అక్కడ కూడా ఒక చూపు వేయండి. పక్కన జతచేసిన ఫైళ్లలోనే మ్యాపులు, అంకెలు దొరుకుతాయి.

మాట్లాడాలనుకుంటే మీటింగులో ఎవరైనా మాట్లాడొచ్చు, ఆ హక్కు కూడా అదే చట్టంలో ఉంది. మా దగ్గర మూడు నిమిషాలిస్తారు. పాప బస్ స్టాప్ తీసేస్తామన్నప్పుడు నేను వెళ్లాను. ఒక పేజీ రాసుకుని, ఇంట్లో గడియారం పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. ఫుట్‌పాత్ లేని రోడ్డు, పొద్దున్నే చీకటి, ఆ స్టాపులో ఎక్కే పదకొండు మంది పిల్లలు, అంతే చెప్పాను. బోర్డు సభ్యులు వెంటనే జవాబివ్వరు, మొహాలు కూడా మారవు. దానికి కుంగిపోకండి. తర్వాతి వారం ట్రాన్స్‌పోర్టేషన్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, స్టాపు అక్కడే ఉంచారు. మీటింగుకు వెళ్లలేకపోతే బోర్డుకు మెయిల్ రాయండి, పిల్లలు ఏ స్కూలో, మీకేం కావాలో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి.

బడ్జెట్ సంగతి కూడా ఇంతే. ముసాయిదాను ఆమోదానికి కనీసం 30 రోజుల ముందు జనం చూడటానికి పెట్టాలి. వేసవిలోనో సెప్టెంబర్లోనో ఒకసారి చూస్తే చాలు.

ఇక ఇండియా టికెట్లు. క్యాలెండర్లో స్కూలు చివరి రోజు అని రాసిన తేదీని నమ్మి కొనేయకండి. ఇక్కడి క్యాలెండర్లలో 5 ఎమర్జెన్సీ రోజులు కలిపి ఉంచుతారు. మంచు పడి సెలవులిస్తే ఆ చివరి రోజు ఇంకా ఆలస్యమవుతుంది. ఆ ఐదూ వాడితే చివరి రోజు ఎప్పుడో కూడా క్యాలెండర్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మేం దాని మర్నాటికే టికెట్లు తీస్తాం.