24 గంటల మూత్రాన్ని పరీక్షకు సేకరించే పద్ధతి

డాక్టరు 24 గంటల మూత్ర పరీక్ష రాసినప్పుడు ల్యాబువారు పెద్ద క్యాను ఒకటి చేతికిచ్చి, మొదటిసారి వచ్చింది పారబోయమని చెప్పి పంపిస్తారు. ఎందుకు పారబోయాలో తెలియక చాలామంది దానినే ముందుగా క్యానులో పోస్తారు.

మన మూత్రపిండాల్లో ఒక్కొక్కదానిలో ఇంచుమించు పది లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడగట్టే అతి చిన్న భాగాలు, ఉంటాయి. అవన్నీ కలిసి రోజుకు రక్తం నుంచి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులోని నీరు, గ్లూకోజు, లవణాలు చాలావరకు తిరిగి రక్తంలోకే చేరిపోగా, చివరకు మూత్రంగా మిగిలేది ఒకటి రెండు లీటర్లే. అది మూత్రనాళాల గుండా కొద్దికొద్దిగా దిగి మూత్రాశయంలో నిలుస్తుంది. మనం మూత్రానికి వెళ్లేది రోజుకు కొన్నిసార్లే అయినా లోపల ఆ పని ఆగదు. కాబట్టి ఉదయం లేవగానే వచ్చేది రాత్రంతా తయారై నిలిచి ఉన్నది, అంటే ముందటి రోజు లెక్కలోది.

ఉదయం ఆరు గంటలకు మొదలుపెట్టారనుకుందాం. అప్పుడు మూత్రాశయాన్ని పూర్తిగా ఖాళీ చేసి, ఆ మూత్రాన్ని వదిలేసి, సమయం మాత్రం కాగితం మీద రాసుకోవాలి. ఆ తరువాత పగలు, రాత్రి వచ్చే ప్రతి చుక్కనూ శుభ్రమైన పొడి మగ్గులో పట్టి క్యానులో పోయాలి. మర్నాడు సరిగ్గా ఆరింటికి మళ్లీ మూత్రానికి వెళ్లి, ఈసారి దానిని తప్పక కలపాలి, ఎందుకంటే అది ఈ రోజు లెక్కలోదే. క్యానును మూత బిగించి చల్లని చోట, వీలైతే ఫ్రిజ్‌లో విడిగా ఉంచాలి. కొన్ని పరీక్షలకు క్యానులో ముందే ఆమ్లం పోసి ఇస్తారు. ఆ క్యానును కడగకూడదు, ఆమ్లాన్ని పారబోయకూడదు, నేరుగా అందులోకే మూత్రవిసర్జన చేయకుండా మగ్గులో పట్టి పోయాలి.

మలవిసర్జనకు వెళ్లేటప్పుడు మూత్రం జారిపోతుంది, అందువల్ల ముందుగా మగ్గులో పట్టుకోవాలి. నెలసరి రోజులైతే పరీక్షను వాయిదా వేయడం గురించి డాక్టరును అడగాలి. నీళ్లు రోజూ తాగినట్లే తాగాలి. పరీక్ష కోసమని ఎక్కువ తాగనక్కరలేదు.

మా అమ్మగారు మధ్యాహ్నం అలవాటు కొద్దీ మగ్గు తీసుకోకుండా ఒకసారి వెళ్లివచ్చి, మాకు చెప్పడానికి మొహమాటపడ్డారు. కండరాల నుంచి వచ్చే క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం ఒక మనిషిలో రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో బయటికి పోతుంది కనుక, అది తక్కువగా ఉండడం చూసి డాక్టరు సేకరణ పూర్తి కాలేదని గుర్తించారు, పరీక్ష మళ్లీ చేయించవలసి వచ్చింది. ఆ తరువాత స్నానాలగది తలుపు మీద పెద్ద అక్షరాలతో "మగ్గు" అని రాసి అంటించాము. అలాంటి కాగితం పెద్దవాళ్లున్న ఇంట్లో చాలా ఉపయోగపడుతుంది. పెద్దవయసు వారికి తప్పు చేశామన్న భావన కలగనీయకుండా అడగడం కూడా అవసరమే.

ఒక్కసారి మూత్రం క్యానులో చేరకుండా పోయినా మర్నాడు కొత్తగా మొదలుపెట్టడమే మంచిది, లేకపోతే మూత్రంలో పోయే ప్రోటీను ఉన్నదానికంటే తక్కువగా కనబడి, మూత్రపిండాల పరిస్థితి బాగానే ఉందని పొరబడే ప్రమాదం ఉంది. క్యానును ల్యాబుకు ఇచ్చేటప్పుడు పేరుతోపాటు మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం రాసి ఇవ్వాలి.