జాబ్ మేళాకు వెళ్తున్నారా? ముందు చేతికొచ్చే జీతం లెక్క తేల్చుకోండి

జిల్లా కేంద్రాల్లో, నియోజకవర్గాల్లోని డిగ్రీ కాలేజీల్లో, ఐటీఐల్లో జరిగే జాబ్ మేళాలకు పోయేవాళ్లలో చాలామంది కనిపించిన ప్రతి టేబుల్ మీదా ఒక రెజ్యూమె పెట్టి ఇంటికొచ్చేస్తారు. నిజానికి అక్కడ ఎంపిక కావడం అంత కష్టమేం కాదు, ముఖ్యంగా ఫ్యాక్టరీ, ఫార్మసీ, సేల్స్ పోస్టులకు. పని ఏ ఊళ్లో, షిఫ్టు ఎలా, చేతికి ఎంత అన్నవి అడక్కుండా తలూపి, చేరిన నెలకే సంచి సర్దుకుని వెనక్కి రావడమే ఎక్కువ.

ప్రకటన చేతికందగానే కంపెనీ పేరుకంటే ముందు ‘పనిచేయాల్సిన చోటు’ చూడండి. మేళా రాజంపేటలో పెట్టినా ఉద్యోగం శ్రీసిటీలోనో, శ్రీపెరంబుదూరులోనో, హైదరాబాద్‌లోనో ఉండొచ్చు. తర్వాత వయసు, పాసైన సంవత్సరం. ‘పది నుంచి పీజీ వరకు’ అన్న పోస్టరు చూసి సంబరపడొద్దు. అది మేళా మొత్తానికి రాసిన మాట, ఏ ఒక్క పోస్టుకూ కాదు. మీ అర్హతకు సరిపోయే నాలుగైదు కంపెనీలను ముందురోజే కాగితం మీద రాసుకోండి, అంతకు మించి అక్కర్లేదు. ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ లింకు ఉంటే ఇంటి దగ్గరే పూర్తి చేయండి. మేళా రోజు గేటు దగ్గర అందరూ ఒకేసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తుంటే సర్వర్ మొరాయిస్తుంది.

కాగితాల సంగతి. ఒక పేజీ రెజ్యూమెలు ఎనిమిది. పదో తరగతి నుంచి చివరి చదువు దాకా మార్కుల మెమోలు, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ కలిపి పిన్ చేసిన జిరాక్సులు నాలుగు సెట్లు. పాస్‌పోర్ట్ ఫొటోలు ఆరు. ఒరిజినల్స్ వేరే ఫైల్లో ఉంచండి. చూపించండి, తిరిగి తీసుకోండి. ఎవరడిగినా వాళ్ల దగ్గర వదిలి రావొద్దు. రెజ్యూమెలో ‘హాబీలు: క్రికెట్, పాటలు వినడం’ లైను తీసేసి అక్కడ టూవీలర్ లైసెన్సు, టాలీ, టైపింగ్, మాట్లాడే భాషలు రాయండి. సేల్స్, కలెక్షన్ పోస్టులకు బండి, లైసెన్సు ఉన్నాయా అన్నదే మొదటి ప్రశ్న.

పేరు తేడా చాలామంది పట్టించుకోరు. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంతో సరిపెట్టి ఉంటే ఇంటర్వ్యూలో ఎవరూ ఏమీ అనరు. చేరాక పీఎఫ్ (భవిష్యనిధి) నంబరుకు కేవైసీ, అంటే గుర్తింపు వివరాల సరిచూపు, చేసేటప్పుడు అక్కడ ఇరుక్కుంటారు. ఆధార్‌లో పేరు మార్పుకు రెండుసార్లు, పుట్టినతేదీకి ఒక్కసారే అవకాశం ఉంటుంది కాబట్టి మెమోను దగ్గర పెట్టుకుని, అందులో ఉన్నట్టే అక్షరం పోకుండా సరిచేయించుకోండి.

మేళా రోజు తొమ్మిదికల్లా లోపల ఉండాలి. ప్రారంభ సభ, ప్రసంగాలు అయ్యేసరికి పదకొండు దాటొచ్చు, మధ్యాహ్నం రెండు మూడింటికల్లా బయటి ఊరి హెచ్‌ఆర్‌లు (కంపెనీ తరఫున మనుషుల్ని తీసుకునేవాళ్లు) బస్సు టైము చూసుకోవడం మొదలుపెడతారు. మొదట మీ జాబితాలో రెండో స్థానంలో ఉన్న కంపెనీకి వెళ్లండి. అక్కడ నోరు తిరిగాక అసలు కావాల్సిన చోటికి వెళ్తే తడబాటు ఉండదు. పరిచయం అర నిమిషం చాలు: ‘డిప్లొమా మెకానికల్, 2024లో పాసయ్యాను, 71 శాతం, బ్యాక్‌లాగ్స్ లేవు. సీఎన్‌సీ మీద రెండు నెలలు ట్రైనింగ్ తీసుకున్నాను. మెషిన్ ఆపరేటర్ పోస్టుకు వచ్చాను, నైట్ షిఫ్టు చేయగలను.’ కాల్‌సెంటర్ పోస్టు కాకపోతే ఇది తెలుగులో చెప్పినా నడుస్తుంది. అరువు తెచ్చుకున్న ఇంగ్లిష్‌లో మధ్యలో ఆగిపోవడం కంటే నయం.

ఇక జీతం. టేబుల్ దగ్గర ‘నెలకు 17 వేలు’ అంటే అది సీటీసీనా (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు), గ్రాసా (కోతలకు ముందు జీతం), చేతికొచ్చేదా అని అప్పుడే అడగండి. సీటీసీ అయితే లెక్క ఇలా ఉండొచ్చు. గ్రాస్ 15,000, అందులో పీఎఫ్ లెక్కగట్టే బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 12,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,440. కంపెనీ ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వాటా 3.25 శాతం, సుమారు 488. మూడూ కలిపితే 16,928, అదే వాళ్లు చెప్పిన 17 వేలు. మీ గ్రాస్‌లోంచి పీఎఫ్ 1,440, ఈఎస్‌ఐ 0.75 శాతం కింద 113 పోతే చేతికి 13,447. హాస్టల్, క్యాంటీన్, బస్సు కోతలుంటే అవి ఇందులోంచే. కాబట్టి ‘వసతి ఉంది’ అనగానే ఊరుకోకుండా ఉచితమా, జీతంలో పట్టుకుంటారా అని అడగాలి. ఓటీ (అదనపు గంటల పని) డబ్బు కలిపి చెప్పిన అంకె అయితే ఓటీ లేని నెల ఎంత వస్తుందో కూడా.

మరో ప్రశ్న, ‘ఎవరి పేరోల్ మీద?’ అంటే జీతం ఇచ్చేది ఎవరని. బోర్డు పెద్ద కంపెనీదే అయినా ఆఫర్ లెటర్ మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ పేరుతో రావొచ్చు. అందులో తప్పేమీ లేదు గాని, కాంట్రాక్టు ఎన్ని నెలలో, పొడిగింపు ఎవరి చేతిలో ఉందో తెలియాలి. అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే వచ్చేది స్టైపెండ్, దానికి పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు. గడువు తీరాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమమూ లేదు. సర్టిఫికెట్ కోసం, అనుభవం కోసం అయితే మంచిదే. వైరింగ్, ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ పోస్టులకు రంగుల చూపు పరీక్ష ఉంటుందేమో కనుక్కోండి. లేదంటే ప్రయాణం చేసి వెళ్లాక మెడికల్‌లో ఆగిపోతారు.

‘సెలెక్టెడ్’ అన్నారంటే పని అయిపోయినట్టు కాదు. వేదిక మీద ఫొటో కోసం ఇచ్చే కాగితం చాలాసార్లు షార్ట్‌లిస్టే. కంపెనీ లెటర్‌హెడ్ మీద పోస్టు, ఊరు, జీతం, చేరాల్సిన తేదీ ఉన్నాయా చూడండి. లేకపోతే హెచ్‌ఆర్ పేరు, నంబరు, ఆఫీస్ మెయిల్ ఐడీ రాసుకోండి. ప్రభుత్వ సంస్థలు జరిపే మేళాల్లో అభ్యర్థి దగ్గర పైసా తీసుకోరు. సాయంత్రం ఫోన్ చేసి యూనిఫాం డబ్బులనో, డిపాజిట్ అనో, ‘తర్వాత తిరిగి ఇస్తాం’ అనో అడిగితే కట్టకుండా మేళా జరిపిన కార్యాలయానికి చెప్పండి. రెజ్యూమెలు పంచిన మర్నాటి నుంచే ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి.

చెప్పిన గడువులో కబురు రాకపోతే మీరే ఒక మెసేజ్ పెట్టండి: పేరు, మేళా ఊరు, తేదీ, పోస్టు, ఆ నాలుగూ చాలు. చేరే తేదీ ఖాయమయ్యాక హాజరు లెక్క ఏ తేదీకి ముగుస్తుందో అడగండి. 20కో 25కో ముగించే కంపెనీలో ఆ తర్వాత చేరితే ఆ నాలుగు రోజుల జీతం వచ్చే నెలతో కలిసే వస్తుంది. అప్పటిదాకా గది అడ్వాన్సు, తిండి ఖర్చు మీ జేబులోంచే పెట్టుకోవాలి గనుక, నలభై రోజులకు సరిపడా డబ్బు చూసుకునే బయల్దేరండి.